హీటరు ఫ్యాను నోరు మూసిన రోజు

గురువారం మధ్యాహ్నం ఏలూరు నుంచి తిరిగొస్తుంటే కోదండరామయ్య ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఆ ఫ్యాను నోరు మూయించు. లేదంటే నేను మళ్లీ ఈ కారెక్కను."

అనేసి కళ్లు మూసుకున్నాడు. కారు నడుపుతున్న కూతురు లక్ష్మీదుర్గకి అందులో సగమే వినబడింది. మిగతా సగాన్ని ఆ ఫ్యానే మింగేసింది. "ఏంటి నాన్నా?" అని అరిచింది. వెనక సీట్లో ఉన్న తల్లి వీరరాఘవమ్మ ముందుకు వంగి, కూతురి చెవిలో నోరు పెట్టి చెప్పింది.

"ఫ్యాను బాగుచేయించకపోతే రానంటున్నారే!"

రాకపోతే ఏమవుతుందో ఆ కారులో ముగ్గురికీ తెలుసు. కోదండరామయ్యకి అరవై ఎనిమిదేళ్లు. షుగరు రెండు కిడ్నీలనీ తినేసింది. పద్నాలుగు నెలలుగా మంగళ, గురు, శనివారాలు ఏలూరు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ మెషీను మీద పడుకుంటేనే ఆయనకి బతుకు. మొన్న ఆగస్టులో రోడ్డు మునిగి వరసగా రెండుసార్లు తప్పింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. చెరువులో ఆక్సిజన్ పడిపోతే తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయే, అలా మంచం మీద కూర్చుని గాలి కోసం నోరు తెరిచాడు. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్లకి అది ఎలా ఉంటుందో వివరంగా చెప్పనక్కర్లేదు. అప్పుడు ఎలాగో బతికాడు. ఇంకోసారి తప్పిస్తే నా పూచీ లేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

మళ్లీ మెషీను శనివారం పొద్దున్న ఏడింటికి. మధ్యలో మిగిలింది శుక్రవారం ఒక్కటి.

దగ్గరలో ఎక్కడైనా ఒక్క మెషీను పెట్టమని ఐదూళ్లవాళ్లు సంతకాలు చేసి అర్జీ ఇచ్చారు. మొదటి సంతకం కోదండరామయ్యదే. అర్జీకి రసీదు ఇచ్చారు. నంబరు వేశారు, స్టాంపు కూడా ఎక్కడా చెరక్కుండా పడింది. మెషీను రాలేదు. చేపల మేత లారీలు మాత్రం తెల్లారకముందే దిగిపోతాయి, వాటికి ఏ అర్జీ అక్కర్లేదు. ఆ లారీలు తొక్కి తొక్కి గుల్ల చేసిన రోడ్డు మీద, కైకలూరు మీదుగా, గంటన్నర కొట్టుకుంటూ పోతే ఏలూరు. మళ్లీ గంటన్నర వెనక్కి. రోగం ఒక పక్క చంపుతుంటే దారి ఇంకో పక్క చంపుతుంది. రోగానికైనా మందుంది.

ఇక హీటరు సంగతి. మన వైపు కారు కొన్నవాళ్లలో హీటరు వాడిన మొనగాడు లేడు. ఏసీ చాలట్లేదని ఏడ్చేవాళ్లే గానీ, ఆ మీటకి ఎర్ర గీత వైపు కూడా ఒకటుందని ఎవడికీ పట్టదు. లక్ష్మీదుర్గకీ పట్టలేదు, ఆ కారు సెకండ్ హ్యాండులో కొన్నప్పుడు. కానీ మెషీను మీంచి దిగిన మనిషికి ఎముకల్లోంచి చలి పుడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా పళ్లు టకటకలాడతాయి. రగ్గు కప్పినా ఆగదు. హీటరు రెండో నంబరు మీద పెట్టి కాళ్ల మీదకి గాలి వదిలితే, కొల్లేరు వంతెన దాటేసరికి తండ్రి వణుకు ఆగేది. పైగా ఇది డిసెంబరు. పొద్దున్న ఐదింటికి బయల్దేరితే చెరువుల మీంచి లేచిన మంచు, ముందు అద్దానికి లోపలి నుంచి పట్టే ఆవిరి. ఆ ఫ్యాను వేసి అద్దం మీదకి గాలి కొట్టకపోతే ఎదురొచ్చే లారీ నీ బానెట్ మీదకి ఎక్కేదాకా కనబడదు.

కాబట్టి ఫ్యాను ఆపడానికి లేదు. వెయ్యడానికీ లేదు. కార్తీక మాసంలో టిక్కు టిక్కుమని మొదలైంది. తర్వాత గరగర. ఏలూరులోనే ఒక మెకానిక్కు చూసి, ఏదో స్ప్రే లోపలికి కొట్టి, "అయిపోయిందండీ, వెళ్లిపోండి" అన్నాడు. రెండు రోజులు నోరు మూసుకుంది. మూడో రోజుకి రెట్టింపు అరుపు, దానికి తోడు మాడు వాసన. మళ్లీ వెళ్తే, "కారే పాతదైపోయిందండీ, మార్చేసుకోండి" అని చేతులెత్తేశాడు. ఇప్పుడు నాలుగో నంబరు మీద వేస్తే రేకుల షెడ్డు మీద కంకర పోస్తున్నట్టు ఉంటుంది. వారానికి మూడు రోజులు, రోజుకి మూడు గంటలు ఆ కంకర కింద కూర్చోమంటే ఎవడు కూర్చుంటాడు?

ఆ మాట పట్టుకుంది లక్ష్మీదుర్గ. ఫ్యాను బాగైతే నాన్న వస్తాడు. అంతే లెక్క.

శుక్రవారం తెల్లవారి ఆమె తాళాలు తీసుకుంటుంటే తల్లి గుమ్మంలో అడ్డుపడింది.

"దానికోసం తాడేపల్లిగూడెం దాకానా? చెవుల్లో దూది పెట్టుకోమనరాదే ఆయన్ని."

"పెట్టానమ్మా. తీసి నా మీదకే విసిరారు."

"అయితే నీ చెవుల్లో పెట్టుకో. ఆయన రానంటే వినబడదు."

వరండాలో మంచం మీద ఉన్న కోదండరామయ్య అటు తిరిగి పడుకున్నాడు. ఆయన చూస్తున్న వైపు ఒకప్పుడు ఆయన రెండెకరాల వరి. చేపలవాళ్లు మూడు పక్కలా చెరువులు తవ్వి, ఊటనీరు పొలంలోకి ఎక్కించి, చేను చచ్చేదాకా ఆగి, చివరికి ఆ నాలుగో పక్క కూడా గట్టు వేసేశారు. ఇప్పుడు అటు చూస్తే నీళ్లే. చూస్తూ పడుకుంటాడు.

లక్ష్మీదుర్గకి ముప్ఫై తొమ్మిది. భర్త చేపల లారీ మీద అస్సాం వెళ్లొస్తుంటాడు, ఇల్లు నెలకి రెండుసార్లు చూస్తాడు. కూతురు పింకీ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆకివీడులో ప్రైవేటు స్కూలు ఉద్యోగం డయాలసిస్ మొదలైన నెలలోనే పోయింది. వారానికి మూడు రోజులు సెలవు ఎవరిస్తారు? తాడేపల్లిగూడెం మెకానిక్కు సంగతి ఆమెకి చెప్పింది సువర్ణ. అత్తిలి నుంచి భర్తని తీసుకొస్తుంది, ఆసుపత్రి బెంచీ మీద పక్కన కూర్చునే మనిషి. "భానుప్రకాష్ అని ఉంటాడండీ. కారు ఏసీలు విప్పుతాడు. నోటి దురుసు గానీ చెయ్యి మంచిది" అంది.

గణపవరం మీదుగా గూడెం చేరేసరికి తొమ్మిదిన్నర. రేకుల షెడ్డు, బయట రెండు కార్లు, లోపల సగం విప్పిన ఇంకొకటి. భానుప్రకాష్ టీ తాగుతున్నాడు. నలభై ఏళ్లుంటాయి, చొక్కా జేబులో మూడు స్క్రూ డ్రైవర్లు.

"ఫ్యాను అరుస్తోందండీ," అంది.

"ఏసీ ఫ్యానాండీ?"

"హీటరండీ."

టీ గ్లాసు కింద పెట్టేశాడు. "హీటరా! మేడం గారూ, కశ్మీరు నుంచి గానీ దిగారా ఏంటండీ?"

"కొల్లేరు నుంచండీ."

"అక్కడ చలికి చేపలు స్వెట్టర్లు వేసుకుంటున్నాయా అండీ?"

ఆమె నవ్వలేదు. ఎందుకు కావాలో చెప్పింది. మెషీను, వణుకు, రేపు పొద్దున్న ఏడు గంటలు. నవ్వు ఆగిపోయింది ఆయనకి. విప్పి ఉన్న కారు వైపు చూసి, "ఈ కారాయన రేపు తీసుకుంటాడులెండి," అని లేచాడు.

"ఇంజను ఆపేయండి. తాళం ఆన్‌లోనే ఉంచండి. ఇంజను రొదలో ఏది ఎవరి అరుపో తెలీదు. ఇప్పుడు ఫ్యాను ఒకటో నంబరు వెయ్యండి."

వేసింది. ఆయన ఎడం పక్క తలుపు తీసి, సీటు కింద పడుకున్నట్టు వంగి, తల డాష్‌బోర్డు కిందకి దూర్చాడు.

"రెండు. ఆగండి. మూడు. ఇప్పుడు బయటి గాలి మూసేసి లోపలి గాలి మీదకి తిప్పండి. ఊఁ. మళ్లీ తెరవండి. చాలండీ, ఆపేయండి, నా చెవులు పోయాయి."

తల బయటికి తీసి కూర్చున్నాడు. "టిక్కు టిక్కుమంటే రెక్కలకి ఏదో చెత్త తగులుతోందని. గరగర స్పీడుతో పాటు పెరిగితే చక్రం సమానంగా తిరగట్లేదని. కీచుమంటే లోపల ఇరుసు తిరిగే బుష్షు అరిగిందని. ఎవరికైనా ఒకటో రెండో ఉంటాయండీ. మీ దానికి మూడూ ఉన్నాయి."

"మా నాన్నగారికీ అంతేనండీ. షుగరు, బీపీ, కిడ్నీ."

"ఆయిల్ ఎవరైనా కొట్టారా ఇందులో?"

"ఏలూరులో కొట్టారండీ."

"కొట్టినాయన్ని కొట్టాలండీ ముందు. ఆ జిడ్డుకి దుమ్మంతా అంటుకుని గారెల పిండిలా అయిపోయుంటది."

డాష్‌బోర్డు సొరుగు ఊడదీసి పక్కన పెట్టాడు. దాని వెనక నల్ల డొప్ప, దానికి కిందనుంచి మూడు స్క్రూలు, ఒక వైరు. స్క్రూలు తీశాడు. కింద పాత పేపరు పరిచి, "పట్టుకోండి ఈ కొస," అని, ఫ్యానుని మోటారుతో సహా కిందకి దింపాడు. దాంతో పాటు గంప తిరగేసినట్టు చెత్తంతా పేపరు మీద పడింది.

పసుపు రంగు బియ్యం. ఎండిపోయిన బంతి రేకులు. సీటు లోపలి దూది, మేత సంచీ పీచు, చీమలంత నల్లటి పెంటికలు. ఆ దూదిలో చుట్టుకుని, చెక్కలా ఎండిపోయిన ఎలక ఒకటి.

లక్ష్మీదుర్గ ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపింది. వేళ్లకి పసుపు అంటింది. "అక్షింతలా?"

"అక్షింతలేనండీ. దసరాకి బండి పూజ గట్టిగా చేశారన్నమాట. బానెట్ మీద వేస్తే పర్లేదు, జారి కిందకి పోతాయి. మనవాళ్లు సరిగ్గా వైపర్ల కింద జాలీ దగ్గర దోసెడు పోస్తారు. అది ఈ ఫ్యానుకి గాలి పీల్చుకునే దారండీ. బియ్యం లోపలికి పోతాయి, బియ్యం వెనక ఎలక పోద్ది. చల్లగా, చీకటిగా, తిండి రెడీగా. ఇంక దానికేం కావాలి? దసరా వెళ్లాక జనవరి దాకా నాకిదే పనండీ. దుర్గమ్మ తల్లి పెడుతున్న అన్నం."

ఆమె చూసింది ఆ రోజు. దసరా పొద్దున్న నాన్న నిలబడలేక ఒక చెయ్యి బానెట్ మీద ఆనించి, రెండో చేత్తో పళ్లెంలోంచి అక్షింతలు తీసి వేశాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. చాల్లెండి అని అమ్మ అంటే, "నన్ను మోసేది ఇదేగా. దీనికి వెయ్యక ఎవరికి వేస్తాను?" అన్నాడు. తర్వాత వైపర్ల కింద మిగిలిన గింజల్ని చేత్తో తుడిచి జాలీలోకే నెట్టింది ఎవరో కాదు, లక్ష్మీదుర్గే. అక్షింతలు కాళ్ల కింద పడకూడదని.

భానుప్రకాష్ ఫ్యాను చక్రాన్ని వేలితో తిప్పాడు. బొంగరం పడిపోయే ముందు ఊగినట్టు ఊగింది. "రెండు రెక్కలు విరిగాయి. అందుకే బుష్షు అరిగింది. వైరు కూడా కొరికింది చూడండి. ఇది కడిగి పెడితే రేపటిదాకా తిరుగుతుంది, ఎల్లుండి మళ్లీ ఏడుస్తుంది. కొత్త మోటారు విజయవాడ నుంచి తెప్పించాలి. మంగళవారానికి వస్తుందండీ."

"నాకు రేపు పొద్దున్న ఐదింటికి కావాలండీ."

"వస్తుందండీ మంగళవారం అంటున్నాను."

"మంగళవారానికి మా నాన్న ఉండాలి కదండీ."

ఆయన తల గోక్కుని షెడ్డు వెనక్కి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది. గడ్డిలో ఇదే మోడలు కారు ఒకటి, వెనక సగం నలిగి కాగితం ఉండలా ఉంది. "లారీ గుద్దిందండీ వెనక నుంచి. ముందు భాగం బంగారం." లోపల ఉన్నవాళ్ల సంగతి ఆమె అడగబోయింది. "అది అడక్కండి మేడం గారూ," అన్నాడు అడక్కముందే, మోకాళ్ల మీద కూర్చుని స్క్రూలు తీస్తూ.

ఆ మోటారు బిగించడానికి మధ్యాహ్నం రెండయింది. డొప్ప లోపల గుడ్డ పెట్టి తుడిచాడు, చీపురు పుల్లతో మూలలు గీరాడు, కొరికిన వైరు కోసి కొత్త ముక్క వేసి టేపు చుట్టాడు. స్పీడు మార్చే చిన్న ముక్క కూడా మాడిపోతోందని అదీ ఆ కారులోదే తీసి పెట్టాడు. వైపర్ల కింద జాలీకి లోపల్నుంచి దోమల తెర మెటీరియల్ కోసి బిగించి, "ఇంక పూజారి గారే వచ్చి గంపెడు అక్షింతలు పోసినా పర్లేదండీ," అన్నాడు.

"రెండో నంబరు వెయ్యండి."

వేసింది. ఏమీ వినబడలేదు. "వేశారా?" అన్నాడు. "వేశానండీ." "వేశారా అండీ?" అని మళ్లీ అన్నాడు, ఈసారి వెటకారంగా, సొంత పని చూసి మురిసిపోతూ. ఆమె గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టింది. గాలి గట్టిగా తగిలింది. పద్నాలుగు నెలల్లో చెడిపోయింది ఒక్కటైనా మళ్లీ బాగుపడటం చూడటం ఆమెకి అదే మొదటిసారి. కిడ్నీ బాగుపడదు, రోడ్డు బాగుపడదు, అర్జీ కదలదు. ఈ ఫ్యాను బాగుపడింది. దీంతో నాన్న వస్తాడు. దారంతా రెండో నంబరు మీదే వేసుకుని వచ్చింది, ఆ ఎండలో, చెమటలు కారుతుంటే, ఆపబుద్ధి కాక.

ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది. తండ్రిని చెయ్యి పట్టి లేపి, మెట్లు దింపి, ముందు సీట్లో కూర్చోబెట్టింది. తల్లి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లక్ష్మీదుర్గ అటు తిరిగొచ్చి ఇంజను స్టార్ట్ చేసి, ఫ్యాను వేసింది.

"వినండి నాన్నా."

కోదండరామయ్య విన్నాడు. వినడానికి ఏమీ లేదు. గాలి ఆయన పంచె అంచుని కదిలించింది.

"బానే చేశాడే. ఎవరతను?"

"గూడెంలో భానుప్రకాష్ అని. మొత్తం విప్పాడు."

"ఏముంది లోపల?"

చెప్పకూడదనుకుంటూనే వచ్చింది దారంతా. ఆయన అడిగితే చెప్పేసింది. "మీ అక్షింతలే. జాలీలోంచి లోపలికి పోయాయట. తినడానికి ఎలక దూరింది. అది గూడు కట్టుకుంటే ఫ్యాను విరిగింది."

ఆయన నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఎలక బతికిందా?"

"లేదు నాన్నా. అందులోనే ఎండిపోయింది."

"మూడు గుప్పిళ్లు వేశానే! దానికి కూడా దీవెన పనిచెయ్యలేదన్నమాట."

"ఛీ, ఏం మాటలండీ అవి," అంది వీరరాఘవమ్మ. అని ఆవిడా నవ్వింది.

లక్ష్మీదుర్గకి గుండె తేలికైంది. "అయితే పొద్దున్న ఐదింటికి. నాలుగున్నరకి లేపుతాను."

ఆయన గాలి వచ్చే చోట వేళ్లు పెట్టి చూసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను రానమ్మా."

"ఎందుకు? చల్లగా ఉందా? మూడు మీద పెట్టనా?"

"ఎంత మీదైనా రాను."

"ఫ్యాను బాగైతే వస్తానన్నారు కదా!"

"బాగవదనుకున్నాను తల్లీ."

వీరరాఘవమ్మ తలుపు పట్టుకునే ఉంది. లక్ష్మీదుర్గ ఫ్యాను వైపు చూసింది, ఇంకా అది ఏదైనా చప్పుడు చేస్తుందేమో అన్నట్టు. చెయ్యలేదు.

"ఏలూరువాడు పాతబడిపోయిందన్నాడుగా. అది అరుస్తున్నంతకాలం దాని మీద పెట్టి చెప్పొచ్చనుకున్నా. ఫ్యాను గొడవకే నాన్న పోలేదు అని నువ్వు ఫ్యాన్ని తిట్టుకునేదానివి. నన్ను తిట్టకుండా." ఆయన మెల్లగా మాట్లాడుతున్నాడు. "పోనీలే. ఎవరో చెయ్యి మంచివాడు దొరికాడు."

"మీకు మతి ఉందా నాన్నా? రాకపోతే ఏమవుతుందో తెలుసా?"

"ఆగస్టులో చూశాగా. అది నాలుగు రోజుల బాధ. ఇది పద్నాలుగు నెలలుగా సాగుతోంది." ఎడం చేతి చొక్కా పైకి లాగాడు. సూదులు గుచ్చి గుచ్చి ముంజేయి మీద నరం తాడులా ఉబ్బింది. "ఇటు చూడు, ఎటు చూసినా నీళ్లే. మన చేను మీద కూడా నీళ్లే. నాకు మాత్రం రోజుకి అరలీటరు. అదీ మందులతో కలిపి. దాహం వేస్తుందమ్మా. నిద్దట్లో కూడా దాహమే."

"అందరూ అలాగే బతుకుతున్నారు! సువర్ణ గారి ఆయన నాలుగేళ్ల నుంచి..."

"ఆయన బతకనీ. మంచివాడు." అని, భార్య వైపు తిరిగి, "రాఘవా, దిగుతాను, చెయ్యి ఇవ్వు," అన్నాడు.

వీరరాఘవమ్మ చెయ్యి ఇవ్వలేదు. "మీరు దిగొద్దు. పొద్దున్నదాకా ఇందులోనే కూర్చోండి. ఇలాగే తీసుకుపోతుంది."

"నువ్వు ఊరుకో."

"నేనెందుకు ఊరుకోవాలి? నలభై నాలుగేళ్ల నుంచి ఊరుకున్నాను. ఆ చేను చుట్టూ గట్లు వేస్తుంటే అర్జీలు పెడతానని తిరిగారు, ఊరుకున్నాను. చెయ్యి ఇవ్వను."

ఆయన సొంతంగానే దిగాడు. తలుపు పట్టుకుని, బానెట్ పట్టుకుని, స్తంభం పట్టుకుని మంచం దాకా వెళ్లాడు. వెళ్లేటప్పుడు ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే ఇద్దరూ ఏడుస్తున్నారు.

రాత్రి ఎవరేం మాట్లాడుకున్నా అదే మాట తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. లక్ష్మీదుర్గ బతిమాలింది. తిట్టింది. మనవరాలు పింకీ పెళ్లి చూడరా అంది. ఫోటో పంపమను అన్నాడు. ఆసుపత్రికి వెళ్లకపోయినా సరే, ఊరికే కారెక్కి కూర్చోండి, ఏలూరు చూసి వద్దాం అంది. కూతురు కన్న తండ్రికి అంత చవకబారు అబద్ధం చెప్పవలసి వచ్చింది. ఆయనకి జాలి వేసి, ఆమె తల నిమిరాడు.

శనివారం పొద్దున్న ఐదింటికి లక్ష్మీదుర్గ కారు స్టార్ట్ చేసింది. ఆయన వస్తాడని కాదు. స్టార్ట్ చెయ్యకపోతే రాడని ఒప్పుకున్నట్టు అవుతుందని. మంచు పెరట్లో ఉన్న గడ్డివాముని కూడా కనబడనివ్వట్లేదు. ఫ్యాను వేసింది. అద్దం మీద ఆవిరి కింద నుంచి పైకి విచ్చుకుంటూ పోయింది.

కాసేపటికి తల్లి బయటికొచ్చింది. చేతిలో ఎప్పుడూ తెచ్చే సంచీ. తువ్వాలు, రగ్గు, ఆసుపత్రి ఫైలు. వెనక తలుపు తీసి సంచీ పెట్టి, తనూ ఎక్కి కూర్చుంది. ముందు సీటు తలుపు తెరిచే ఉంది. ఇద్దరు ఆడవాళ్లూ అలా కూర్చున్నారు. వరండాలో ఆయన దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. పది అడుగుల దూరం.

"ఏవండీ," అంది వీరరాఘవమ్మ లోపల్నుంచి. "మీరు రాకపోతే మేమే వెళ్తాం. ఆ మెషీను మీద నన్ను పడుకోబెట్టమంటాను."

"సూదికి భయపడతావే నువ్వు."

"మీరు పక్కనుంటే భయపడను."

ఆయన దుప్పటి ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

ఐదున్నర అయింది. ఆరు అయింది. ఆరున్నరకి ఫోను మోగింది. ఆసుపత్రిలో మెషీన్లు చూసే నర్సు ప్రీతి.

"లక్ష్మీదుర్గ గారూ, బయల్దేరారాండీ? ఏడున్నర దాకా చూస్తామండీ. తర్వాత వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చేయాలి. ఇక్కడ పొద్దున్నే ముగ్గురు వచ్చి కూర్చున్నారు."

"దారిలో ఉన్నామండీ," అంది లక్ష్మీదుర్గ. "మంచు బాగా ఉంది."

"జాగ్రత్తగా రండి. తొందర పడకండి."

ఆయన విన్నాడు. తల అడ్డంగా ఊపాడు, అంతే.

ముప్పావు గంట గడిచింది. మంచు పలచబడి చెరువు గట్లు కనబడ్డాయి. గట్టు మీద మేత లారీ ఒకటి దించుతున్నారు. ఆరు దాటాక ఎప్పుడు బయల్దేరినా ఏడున్నరకి అందుకోలేరు. ఆ లెక్క ముగ్గురికీ వచ్చు. ఏడూ ఇరవైకి లక్ష్మీదుర్గ తనే ఫోను చేసింది.

"ప్రీతి గారూ, ఆ మంచం ఇచ్చేయండి."

"అయ్యో, ఏమైందండీ? బండి ఆగిపోయిందా?"

"లేదండీ. బండి బానే ఉంది."

ఇలాంటి ఫోన్లు ఆ అమ్మాయికి కొత్త కాదు. "మంగళవారం మీ పేరు ఉంచమంటారా అండీ?" అంది.

గురువారం నుంచి మంగళవారానికి ఐదు రోజులు. ఆగస్టులో ఎన్ని రోజులకి నీరు చేరిందో లక్ష్మీదుర్గకి గుర్తుంది. తండ్రికి వినబడేలా, గట్టిగానే చెప్పింది.

"ఉంచండి."

ఇంజను ఆపింది. వీరరాఘవమ్మ వెనక తలుపు తీసుకుని దిగింది. సంచీ భుజాన వేసుకుని, కారుని గానీ కూతుర్ని గానీ చూడకుండా, మెట్లెక్కి ఆయన మంచం దగ్గర ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏవండీ. ఇవాళ ఏం తింటారు?"

ఆయన తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. ఏం తినకూడదో చెప్పడమే గానీ, ఆ మాట ఆయన్ని ఎవరూ పద్నాలుగు నెలలుగా అడగలేదు.